పైట ఏ భుజం మీద?

ఇన్‌స్టాలో వారానికి ఇద్దరైనా అడుగుతారు, "అక్కా, బొమ్మలు గీసేవాళ్ళకి క్లయింట్లు ఎట్లా దొరుకుతారు?" అని. ఒక్కొక్కరికీ విడివిడిగా జవాబు రాసి రాసి చేతులు నొప్పెట్టి, ఇదిగో ఒకేసారి ఇక్కడ రాసేస్తున్నా, ఇకమీదట ఎవరడిగినా ఈ లింకే పంపుతా. ముందే ఒక మాట చెప్పేస్తే మంచిది, నేనేమీ లక్షలు సంపాదించట్లేదు. తిరుపతి బైరాగిపట్టెడలో మా ఇంటి మేడమీద ఒక రేకుల గదిలో కూర్చుని బొమ్మలు గీస్తాను, నెలకి ఇంట్లో కొంత ఇస్తాను, కరెంటు బిల్లు నేనే కడతాను. ముహూర్తాలున్న నెలల్లో నిద్ర ఉండదు, ఆషాఢంలో పెళ్ళి పని ఉండదు. అంతే సంగతి.

మొదటి రెండేళ్ళు నాకు ఒక్క క్లయింటు కూడా రాలేదు. ఆ రెండేళ్ళూ నేను ఒక లాడ్జిలో అకౌంట్లు రాసేదాన్ని, సాయంత్రం ఇంటికొచ్చి గీసేదాన్ని, గీసింది పోస్ట్ చేసేదాన్ని. అసలు అంతకుముందు ఒక ఏడాది ఐప్యాడ్ కొన్నాకే మొదలుపెడదామని ఊరికే కూర్చున్నా, అది ఇంకా పెద్ద దండగ. చివరికి మూడున్నర వేలు పెట్టి తెర లేని చిన్న పెన్ టాబ్లెట్ ఒకటి కొని, మా అన్న పాత లాప్‌టాప్‌లో క్రిటా అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ వేసుకున్నా. క్రిటాకి పైసా కట్టక్కర్లేదు. ఇప్పటికీ నా పనిలో ముప్పాతిక భాగం అందులోనే. చెయ్యి ఒకచోట, గీత ఇంకోచోట కనబడటం అలవాటయ్యేదాకా ఒక పదిహేను రోజులు ఏడుపొస్తుంది, తర్వాత ఆ సంగతే గుర్తుండదు.

పోస్టులకి లైకులు వచ్చేవి. ఎవరు కొడుతున్నారా అని ఒకరోజు ఓపిగ్గా ఒక్కొక్క ప్రొఫైల్ తెరిచి చూస్తే అందరూ బొమ్మలు గీసేవాళ్ళే. నా బొమ్మకి వాళ్ళు, వాళ్ళ బొమ్మకి నేను. పెళ్ళిలో వంటవాళ్ళందరూ ఒకరి వంట ఒకరు మెచ్చుకున్నట్టు ఉంది మా వ్యవహారం, బంతిలో కూర్చునేవాడు మాత్రం ఒక్కడూ లేడు.

మొదటి క్లయింటు మా వీధి చివరే ఉన్నాడు. ఫ్లెక్సీ షాపు. నేను రోజూ ఆ షాపు ముందు నుంచే బస్సెక్కడానికి పోయేదాన్ని.

ఒకరోజు లాడ్జి ఓనరు నన్ను పెన్ డ్రైవ్ ఇచ్చి ఆ షాపుకే పంపాడు, బోర్డు ప్రింటు తీసుకురమ్మని. అప్పటికి జాతర ఇంకా నెల ఉంది. తిరుపతి వాళ్ళకి చెప్పక్కర్లేదు గానీ బయటివాళ్ళ కోసం చెప్తున్నా, మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర వారం రోజులు జరుగుతుంది, వెంకటేశ్వరస్వామికి చెల్లెలని గంగమ్మకి కొండమీది నుంచి సారె వస్తుంది, ఊరంతా రోజుకో వేషం కడుతుంది. షాపులో ఇద్దరు ముగ్గురు నిలబడి ఉన్నారు, డిజైన్ చేసే అబ్బాయి గూగుల్లో బొమ్మలు లాగి తలకాయలు అతికిస్తున్నాడు, షాపు అన్న వాడిమీద అరుస్తున్నాడు. "వేషాల బొమ్మ కావాలంటే ఏడ తెచ్చేది? ఎతికితే పోయినేడు ఫోటోలే వస్తాండాయి, దాంట్లో వెనకాల ఇంకోడి ఫ్లెక్సీ కనిపిస్తా ఉండాది!"

నాకు నోరు ఎందుకు లేచిందో తెలీదు. "నేను గీస్తా అన్నా" అన్నాను.

"నువ్వా పాపా? ఏదీ, చూపీ."

ఫోన్ ఇచ్చాను. పెద్ద పెద్ద కళ్ళున్న జపాన్ అమ్మాయిలు, డ్రాగన్లు, వానలో నియాన్ లైట్ల వీధులు. అన్న ఓపిగ్గా చివరిదాకా జరిపి చూశాడు. ఫోన్ తిరిగిచ్చేస్తూ, "బాగానే ఉండాయి గానీ పాపా, ఈటిని తిరపతిలో ఎవురు కొంటారు?" అన్నాడు.

ఎగతాళిగా అన్లేదు ఆయన, నిజంగానే అడిగాడు. రాత్రి నిద్ర పట్టలేదు, ఎందుకంటే నా దగ్గర జవాబు లేదు. నేనెప్పుడూ ఏ బొమ్మకి డబ్బులు వస్తాయని ఆలోచించాను తప్ప, ఈ ఊళ్ళో ఇప్పటికే బొమ్మలకి డబ్బులు ఖర్చు పెడుతున్నది ఎవరు అని ఒక్కసారి కూడా ఆలోచించలేదు. లెక్కేస్తే బోలెడు మంది ఉన్నారు. ఫ్లెక్సీ షాపులు, శుభలేఖలు వేసేవాళ్ళు, టీషర్టుల ప్రింటింగ్ వాళ్ళు, స్కూళ్ళ గోడలు, స్వీటు షాపుల డబ్బాలు, వినాయక చవితి పందిళ్ళ వాళ్ళు, శ్రీసిటీ ఫ్యాక్టరీలు. వీళ్ళందరూ ఎవడో ఒకడికి డబ్బులిచ్చి ఏదో ఒక బొమ్మ తెచ్చుకుంటూనే ఉన్నారు, ఆ ఎవడో ఒకడు నేను కాదు, అంతే తేడా.

ఆ వారం వేషాలు గీశాను. బైరాగి వేషానికి ఒళ్ళంతా నామంకొమ్ము తెలుపు, బండ వేషానికి కుంకుమ ఎరుపు, తోటి వేషానికి బొగ్గు నలుపు, దొర వేషానికి గంధం. చిన్నప్పుడు మా అన్నకి అమ్మ బొగ్గు నూరి పూస్తుంటే పక్కన కూర్చుని చూసినదాన్ని, ఇంటర్నెట్లో వెతకాల్సిన పనే పడలేదు. వేపాకు మెడలో ఎట్లా వేలాడుతుందో, చెమటకి బొగ్గు కారి మోకాళ్ళ దగ్గర ఎట్లా చారలు కడుతుందో నాకు తెలుసు. డ్రాగన్ ఒంటి మీద పొలుసులు ఎట్లా ఉంటాయో మాత్రం నేను ఎవరో గీసింది చూసే గీశాను కదా. ఆ తేడా బొమ్మలో కనబడుతుంది, మనకి కనబడకపోయినా కొనేవాడికి కనబడుతుంది.

సరే, బొమ్మలు తీసుకెళ్తే అన్నకి నచ్చాయి. తెర మీద. పది అడుగుల వెడల్పు, ఎనిమిది అడుగుల ఎత్తు ఫ్లెక్సీకి సాగదీస్తే తోటి వేషం వాడి ముఖం గళ్ళ లుంగీ అయిపోయింది. నేను ఇన్‌స్టా సైజు, 1080 పిక్సెళ్ళలో గీశాను మరి. ఫ్లెక్సీ దూరం నుంచి చూసేది కాబట్టి అంగుళానికి 72 చుక్కలున్నా సరిపోతుంది, కానీ పది అడుగులంటే 120 అంగుళాలు, 8640 పిక్సెళ్ళు కావాలి. చేతిలో పట్టుకుని చూసే శుభలేఖలాంటి వాటికి అంగుళానికి 300 ఉండాలి, ఏ3 కాగితం అంటే 3508కి 4961. ఈ రెండు లెక్కలు గోడ మీద రాసిపెట్టుకోండి. రంగుల సంగతి ఇంకో కథ. తెర ఆర్‌జీబీలో వెలుగుతుంది, ప్రింటు సీఎమ్‌వైకే సిరాల్లో పడుతుంది, నేను ముద్దుగా వేసుకున్న నెమలి నీలం ఫ్లెక్సీ మీదికి వచ్చేసరికి పది ఉతుకులు ఉతికిన పంచె అయింది. అన్న నవ్వి, "మళ్ళీ గీసుకోనిరా పో, టైముండాది" అన్నాడు.

తెలుగు అక్షరాల గొడవ కూడా ఇక్కడే చెప్పేస్తా. మీ ఫొటోషాప్‌లో "తాతయ్యగుంట గంగమ్మ" అని టైపు చేస్తే ఒత్తులు ఊడి పక్కన పడుతున్నాయా? అది పాత వెర్షన్ అయితే ప్రిఫరెన్సెస్‌లో టైప్ దగ్గరికెళ్ళి వరల్డ్-రెడీ లేఅవుట్ పెట్టుకోండి, ఇంకా పాత వెర్షన్లలో అదే మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్ అని ఉంటుంది. ఫ్లెక్సీ షాపుల్లో చాలావరకు 'అను' అనే పేరున్న ఫాంట్లు, మనం ఇంట్లో టైపు చేసేది యూనికోడ్, అక్కడిది ఇక్కడ తెరుచుకోదు, అందుకే నేను అక్షరాలన్నీ బొమ్మగా మార్చి ఇస్తాను. ఫాంట్లకి డబ్బుల్లేకపోతే గూగుల్ ఫాంట్స్‌లో రామభద్ర, మల్లన్న, సురన్న, గిడుగు లాంటివి ఉన్నాయి, డబ్బులు తీసుకునే పనికి కూడా వాడుకోవచ్చు. పక్కోడి కంప్యూటర్లోంచి కాపీ కొట్టిన ఫాంటు కంపెనీ పనిలో మాత్రం వాడొద్దు.

ఒక్కో వేషానికి అన్న మూడొందలిచ్చాడు. తక్కువే. నేను అడగలేదు, ఆయన ఇచ్చింది తీసుకున్నా. మా అమ్మ ఆ నోట్లు చూసి "ఆ గీతలకి డబ్బులిచ్చినారా!" అని దేవుడి పటం దగ్గర పెట్టింది.

జాతర మూడో రోజుకి ఆ బొమ్మలు ఊళ్ళో వాట్సాప్ గ్రూపులన్నిటిలో తిరుగుతున్నాయి, మా పెదనాన్న నాకే ఫార్వర్డ్ చేశాడు, "చూడమ్మా, ఎవరో బ్రహ్మాండంగా గీసినారు" అని. సంతకం పెట్టలేదు నేను. రెండు వారాల తర్వాత గాంధీ రోడ్డు పక్క సందులో నా దొర వేషం ఒక టీషర్టు మీద వేలాడుతూ కనబడింది. లోపలికెళ్ళి అడిగితే షాపాయన, "ఇంటర్నెట్లో ఉన్నింది, తీసుకున్నాం, ఏమిప్పుడు?" అన్నాడు. కోపంతో కాళ్ళు వణికాయి గానీ ఫోన్ తీసి క్రిటా ఫైలు పొరలు పొరలుగా (లేయర్లుగా) ఉన్న స్క్రీన్‌షాట్లు చూపించాను, కచ్చా గీతల నుంచి చివరిదాకా. ఆయన కాసేపు చూసి, టీ చెప్పాడు. అమ్మినవాటికి కొంత ఇచ్చాడు, ఆ తర్వాత రెండేళ్ళలో నాకు అందరికంటే ఎక్కువ పని ఇచ్చింది ఆయనే. అందరూ ఇట్లా ఉంటారనుకోవద్దు. పొరలున్న ఫైలు దాచుకోండి, సంతకం కత్తిరించడానికి వీల్లేని చోట, అంటే పంచె మడతలోనో చెప్పు పక్కనో పెట్టండి, మూలన కాదు.

హక్కుల విషయంలో చాలామంది తప్పుగా అనుకుంటారు. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం మనంతట మనం గీసుకున్నది మనదే. కానీ ఒకరు డబ్బిచ్చి గీయించుకున్న పెయింటింగో పోర్ట్రెయిటో అయితే, వేరే ఒప్పందం లేనప్పుడు హక్కు గీయించుకున్నవాళ్ళదే అవుతుంది. "గీసింది నేను కదా" అంటే కుదరదు. అందుకే ఆర్డరు ఒప్పుకునేటప్పుడే ఒక వాక్యం రాసి పంపుతాను, "ఈ బొమ్మ మీరు ఫలానా పనికి వాడుకోవచ్చు, హక్కు నాదగ్గరే ఉంటుంది, నా పోర్ట్‌ఫోలియోలో పెట్టుకుంటాను" అని, అవతలివాళ్ళు సరే అని రాతలో జవాబిచ్చాకే మొదలుపెడతాను. హక్కే కొనుక్కుంటామంటే ధర వేరే. ఆ రాసివ్వడంలో ఎన్నేళ్ళకో రాయకపోతే చట్టం ఐదేళ్ళకే అని లెక్కేస్తుంది, ఈ సంగతి తీసుకునేవాళ్ళకీ తెలియదు చాలాసార్లు.

ఇప్పుడు ధర. అందరూ అడిగేది ఇదే, అందరూ భయపడేదీ ఇదే. మన ఊళ్ళల్లో క్లయింటు అనేవాడు ఊరికే క్లయింటుగా రాడు, పిన్ని తోడికోడలి తమ్ముడిగా వస్తాడు. "మన పిల్లే కదా, బొమ్మే కదా, నీకు ఐదు నిమిషాల పని" అని మొదలెడతాడు. నేను మొదట్లో "మీ ఇష్టం, ఎంతైనా ఇవ్వండి" అనేదాన్ని. ఎంతైనా అంటే వాళ్ళకి ఏమీ ఇవ్వకపోవడం కూడా అందులోకే వస్తుంది. ఒకాయన పంచామృతం డబ్బా ఇచ్చాడు. బాగుంది గానీ కరెంటు ఆఫీసు వాళ్ళు పంచామృతం తీసుకోరు.

లాడ్జిలో నా జీతం 14,000, నెలకి 25 రోజుల పని, అంటే రోజుకి 560. ఉద్యోగం మానేస్తే ఒక రోజు గీస్తాను, ఒక రోజు పని వెతకడానికీ ఫోన్లకీ సవరణలకీ పోతుంది, కాబట్టి గీసే రోజు విలువ 1,120. జంట బొమ్మ ఒకటి గీయడానికి నాకు రెండు రోజులు, 2,240, దాన్ని 2,500 చేశాను. అకౌంట్లు రాసిన బుర్ర ఇక్కడ పనికొచ్చింది. ఇదేమీ గొప్ప సూత్రం కాదు, మీ ఊరు వేరు, మీ చెయ్యి వేగం వేరు, కానీ ఈ లెక్క నా దగ్గర ఉండబట్టి "ఎందుకంత?" అని ఎవరైనా అడిగితే నాకు గొంతు వణకడం ఆగిపోయింది. బంధువులకి కూడా అదే ధర, కావాలంటే సవరణలు ఒకటి ఎక్కువ చేసిస్తా. ధర చెప్పాక నోరు మూసుకోవడం మాత్రం చాలా కష్టపడి నేర్చుకున్నా. "రెండున్నర వేలు" అని, అవతల నిశ్శబ్దం రాగానే, "మీరైతే రెండువేలివ్వండి చాలు" అని మనంతట మనమే తగ్గించేస్తాం చూడండి, ఆ ఐదొందలు వాళ్ళు అడగనే లేదు!

సగం డబ్బు ముందే. కచ్చా గీతలు చూపించేముందు. రెండు సవరణలు ఉచితం, మూడో దానికి మూడొందలు. మిగతా సగం పడ్డాకే పెద్ద ఫైలు, అప్పటిదాకా చిన్న సైజులో మధ్యలో పేరు వేసి పంపుతా. "నమ్మకం లేదా మామీద?" అంటారు. నవ్వేసి "అందరికీ ఇదే పద్ధతి పిన్నీ" అనాలి, అంతకుమించి వివరణ ఇవ్వొద్దు.

ఇంతలా జాగ్రత్తలు చెప్తున్నాను గానీ నేను బోర్లాపడిన పని ఒకటి చెప్పాలి, ఈ పోస్టుకి ఆ పేరు పెట్టింది దానికోసమే.

చిత్తూరు దగ్గర ఒక పెళ్ళి, శుభలేఖ మీద వధూవరుల బొమ్మ. అబ్బాయి ఫోటో స్టూడియోలో తీసింది, అమ్మాయిది సెల్ఫీ, ఏదో ఫంక్షన్లో పట్టుచీర కట్టుకుని అద్దంలా మెరిసిపోతోంది. చాలా ఇష్టంగా గీశాను, చీర అంచులో ఒక్కొక్క హంస వేశాను. లాప్‌టాప్ 8 జీబీ ర్యామ్, పొరలు ఎక్కువైతే మొరాయిస్తుంది, అందుకని మధ్యలో అన్నీ కలిపేసి ఒకే పొర చేసేశా. పెళ్ళికూతురు చూసింది, నచ్చింది. పెళ్ళికొడుకు చూశాడు, నచ్చింది. మిగతా డబ్బు వేసేశారు. ప్రింటుకి పోయేముందు రోజు రాత్రి తొమ్మిదింటికి ఫోన్. అమ్మాయి వాళ్ళ జేజి మాట్లాడింది.

"ఏమ్మా, బొమ్మ నువ్వేనా గీసింది?"

"అవును జేజీ, బాగుందా?"

"బాగుండాది. మా పిల్లకి పైట కుడి భుజం మీద ఏల ఏసినావు? పెండ్లి పత్రిక మీద అట్ల ఎవురైనా ఏస్తారా?"

ఫోటో తెరిచి చూశా. నిజమే, కుడి భుజం మీదే ఉంది. ముక్కుపుడక కూడా ఎడమ వైపుకి మారి ఉంది. ముందు కెమెరాతో తీసిన సెల్ఫీ, ఫోన్ దాన్ని అద్దంలో చూసినట్టే తిప్పి దాచింది. అమ్మాయికి తన ముఖం రోజూ అద్దంలో చూసుకునేదే కాబట్టి తేడా తెలియలేదు, పెళ్ళికొడుకు ముఖం చూశాడు గానీ పైట చూడలేదు, నేను హంసలు చూసుకుంటున్నా. ఎనభై ఏళ్ళ జేజి కళ్ళద్దాలు పెట్టుకుని మనవడి ఫోన్లో పట్టేసింది. అమ్మాయి పొర విడిగా ఉండి ఉంటే ఒక్క నొక్కుతో తిప్పేదాన్ని, కలిపేశాను కదా, దండ అబ్బాయి భుజం మీదికి పోయింది, చెయ్యి చేతిలో ఉంది. తెల్లారేదాకా కూర్చుని అమ్మాయిని మొత్తం మళ్ళీ గీశా. డబ్బులు అడగలేదు, తప్పు నాది. పొద్దున పంపితే జేజి నుంచి ఒక వాయిస్ మెసేజి వచ్చింది, "ఇప్పుడు పెండ్లికూతురు మాదిరి ఉండాది" అని. ఆ జేజి చెప్పగా ఆ ఊళ్ళో ఇంకో మూడు పెళ్ళిళ్ళు వచ్చాయి నాకు.

అప్పటి నుంచి ఆర్డరు రాగానే పంపే ప్రశ్నల్లో మొదటిది: వెనక కెమెరాతో వేరేవాళ్ళు తీసిన ఫోటో పంపండి. రెండోది: ఇంట్లో పెద్దవాళ్ళు ఒక్కరికి కచ్చా గీతలు చూపించండి. అంటే సవరణ ఎవరు చెప్పాలో ముందే తేల్చుకోమని. అదే పద్ధతిలో ఎవరికైనా నామం ఉన్న లోగో గీయాల్సి వస్తే ముందు అడుగుతాను, వైష్ణవుల్లో రెండు శాఖలు కదా, వడగలై నామమా, తెంగలై నామమా అని. వడగలైది యూ అక్షరంలా ఉంటుంది, తెంగలైది వై అక్షరంలా కింద ముక్కు మీదికి పాదంతో ఉంటుంది, ఏదో ఒకటిలే అని గీసిస్తే తిరుపతిలో ఎవరూ ఊరుకోరు.

కలంకారీ లాగా చెయ్యమని కూడా అడుగుతారు. ఆ అంచులూ ఆ ముఖాలూ వచ్చేలా గీసిస్తా, కానీ "కలంకారీ" అని పేరు పెట్టి అమ్మొద్దని చెప్తా. శ్రీకాళహస్తిలో వెదురు కలంతో, కరక్కాయలో నానబెట్టిన బట్ట మీద గీసేవాళ్ళు ఉన్నారు, దానికి జీఐ గుర్తింపు ఉంది. నేను స్టైలస్‌తో ఒక మధ్యాహ్నంలో చేసింది ఆ పేరుతో అమ్మితే వాళ్ళ నోటి దగ్గర కూడు తీసినట్టే.

శ్రీసిటీ పని ఎట్లా వచ్చిందంటే, మా క్లాస్‌మేట్ అక్కడ ఒక ఫ్యాక్టరీలో పనిచేస్తాడు, వాళ్ళ గోడల మీద సేఫ్టీ పోస్టర్లన్నీ తెల్లవాళ్ళ బొమ్మలు, ఇంగ్లీషు అక్షరాలు. హెల్మెట్టు పెట్టుకోమని ఎవరో జాన్ చెప్తున్నట్టు ఉంటాయి. నేను అడగకుండానే రెండు పోస్టర్లు గీసి పంపించా, జడలో మల్లెపూలు పెట్టుకున్న అమ్మాయి మెషీన్ దగ్గర జడని టోపీలోకి తోసుకుంటున్నట్టు, కింద తెలుగులో, తమిళంలో. అక్కడ తమిళనాడు నుంచి వచ్చి పనిచేసేవాళ్ళూ చాలామంది. ఊరికే శాంపిల్ గీసి పంపకూడదు అంటారు, నేనూ అదే చెప్తా, ఎవరైనా "ముందు శాంపిల్ గీయి, నచ్చితే పనిస్తాం" అంటే గీయొద్దు. కానీ మనంతట మనం ఎంచుకుని, ఒక్కరి కోసం, వాళ్ళకి ఏం లేదో చూసి గీసి పంపడం వేరు. పన్నెండు పోస్టర్ల ఆర్డరు వచ్చింది.

డబ్బులు మాత్రం మూడు నెలలు రాలేదు. కంపెనీ పని అంటే బిల్లు, పాన్ నంబరు, టీడీఎస్. నా బిల్లులో పది శాతం కోసుకుని వేశారు, నేను మోసం అనుకుని గొడవపడబోయా, అది మన పేరు మీద పన్నుగా కడతారు, ఇన్‌కమ్ టాక్స్ సైట్లో మన పాన్ మీద కనబడుతుంది, ఆదాయం తక్కువైతే రిటర్న్ వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు. జీఎస్‌టీ అంటే భయపడకండి, మనలాంటి సేవల పనికి ఏడాదికి 20 లక్షలు దాటితే గానీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, అంత వస్తే సంతోషంగా కట్టుకుందాం. పనికొచ్చింది ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న వ్యాపారాలకి ప్రభుత్వం ఇచ్చే నమోదు. ఆధార్, పాన్ ఉంటే ఇంట్లో కూర్చుని ఫోన్లోనే చేసుకోవచ్చు, రూపాయి కట్టక్కర్లేదు, డబ్బులు అడిగే సైట్లు నకిలీవి. ఆ నంబరు ఉంటే, రాతపూర్వక ఒప్పందం ఉన్నా కొనుక్కున్నవాళ్ళు 45 రోజులు దాటి డబ్బు ఆపకూడదని చట్టంలో ఉంది. రెండో బిల్లు మీద ఆ నంబరు వేసి, 45 రోజుల మాట చిన్న అక్షరాల్లో రాసి పంపా. నలభయ్యో రోజు పడింది. దానివల్లేనా అంటే ఏమో, అకౌంట్స్ సార్ మారాడని కూడా విన్నా.

విదేశీ సైట్ల గురించి ఎక్కువ చెప్పను, నాకు అచ్చిరాలేదు. ఫైవర్‌లో వందకి ఇరవై వాళ్ళే తీసుకుంటారు, అప్‌వర్క్‌లో పని అడగడానికే కనెక్ట్స్ అనే టోకెన్లు ఖర్చు పెట్టాలి. నాకు డాలర్లు వచ్చింది మన వాళ్ళ నుంచే, అమెరికాలో ఉన్న తెలుగువాళ్ళు, సీమంతం కార్డులు, పిల్లల కూచిపూడి అరంగేట్రం ఆహ్వానాలు, వాళ్ళకి కావలసింది గజ్జెలు సరిగ్గా గీసేవాళ్ళు. అవీ ఆ జేజి మనవరాళ్ళ ద్వారా వచ్చినవే. పేపాల్ ఇప్పుడు దేశం లోపల పనిచెయ్యదు, 2021 ఏప్రిల్ నుంచి ఆపేశారు, బయటి నుంచి వచ్చే డబ్బుకి మాత్రం వాడుకోవచ్చు.

మోసాలు రెండే చెప్తా. ఒకటి, "మీకు డబ్బు పంపుతున్నా, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి" అంటారు. డబ్బు తీసుకోవడానికి యూపీఐలో పిన్ ఎప్పుడూ అక్కర్లేదు, పిన్ కొట్టామంటే మనదే పోతుంది. నాకు తెలిసిన పిల్ల ఒకతి ఎనిమిది వేలు పోగొట్టుకుంది, మొదటి ఆర్డరు వచ్చిందన్న ఆనందంలో. రెండోది, మీ బొమ్మ ఎన్ఎఫ్‌టీగా, అంటే క్రిప్టోలో అమ్ముడయ్యే డిజిటల్ బొమ్మగా వేలకి వేల డాలర్లకి కొంటాం, ముందు దాన్ని నమోదు చెయ్యడానికి 'గ్యాస్ ఫీజు' కట్టండి అనేవాళ్ళు. బ్లాక్ కొట్టి పోయి అన్నం తినండి.

ఏఐ వచ్చాక పని పోయిందా అని కూడా అడుగుతున్నారు. కొంత పోయింది, అబద్ధం ఎందుకు. పుట్టినరోజు ఫ్లెక్సీలకి నన్ను పిలవడం దాదాపు మానేశారు, షాపు అబ్బాయే ఫోన్లో చేసేస్తున్నాడు. అదే అన్న పోయిన జాతరకి నాకు ఫోన్ చేశాడు. ఏఐలో మాతంగి వేషం అడిగితే ఏదో ఉత్తరాది కోవెలలో దేవత విగ్రహం లాంటిది ఇచ్చిందట, కింద గంగమ్మ అన్న అక్షరాలు మలయాళానికీ కన్నడానికీ మధ్య ఎక్కడో ఉన్నాయట. "వేపాకు బదులు పుదీనా ఏసింది పాపా, నువ్వే రా" అన్నాడు. ఈసారి ఒక్కో వేషం పన్నెండొందలు చెప్పాను. చెప్పి ఊరుకున్నాను. ఫోన్లో వెనకాల ఫ్లెక్సీ మెషీన్ చప్పుడు చాలాసేపు వినబడింది, ఆయన "వెయ్యి చేస్కో" అన్నాడు, సరేనన్నా. ఆయన దగ్గర బేరం ఆడకపోతే ఆయనకే బాగుండదు.

ఇది రాస్తుండగా మదనపల్లె నుంచి కొత్త ఆర్డరు వచ్చింది, పెళ్ళి పత్రిక, అడ్వాన్సు కూడా వేసేశారు. ఫోటో తెరిచా. పిల్ల బాగుంది. పైట కుడి భుజం మీదుంది. వెనక కెమెరాతో తీయించుకుని పంపమని మెసేజి పెట్టా, టిక్కులు నీలం అయ్యాయి గానీ ఫోటో ఇంకా రాలేదు.